ఎవ్రీవన్, ఫుల్ కంట్రోల్, ఓకే

మా ఫీల్డులో అన్ని జబ్బులకీ ఒకటే మాత్ర ఉంది. రెండు కంప్యూటర్ల మధ్య ఫైలు కాపీ అవ్వట్లేదా, ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, షేరింగ్, ఎవ్రీవన్, ఫుల్ కంట్రోల్, ఓకే. లైనక్స్ వాళ్ళ మాత్ర ఇంకా చిన్నది, సీహెచ్‌మాడ్ 777, అంటే ఈ ఫైలుని ఎవరైనా చదవొచ్చు, రాయొచ్చు, నడపొచ్చు అని. వేసుకోగానే తగ్గిపోద్ది, జబ్బు ఏంటో మాత్రం ఎవరికీ తెలీదు. నేనూ బోలెడుసార్లు వేసినవాణ్ణే, కాబట్టి ఇది ఎవరికో నీతులు చెప్పడానికి రాస్తున్నది కాదు, నా మీద నాకే కోపం వచ్చి రాస్తున్నా. నా గొడవ ఒక్కటే. యాక్సెస్ డినైడ్ అని రాగానే మనం ఫోల్డర్ దగ్గరికి పరిగెత్తుతాం, దానికి ఏం పర్మిషన్ ఇవ్వాలా అని. అసలు ఆ తలుపు కొడుతున్నది ఎవరు అనే ప్రశ్న మనకి తట్టదు, ఎందుకంటే కోడ్ రాసింది నేను, రన్ చేసింది నేను, కాబట్టి కొట్టింది కూడా నేనే అనుకుంటాం. చాలాసార్లు అది మనం కాదు.

కథ మొదటినుంచి చెప్తా. 2023లో విజయవాడలో ఒక చిన్న డయాగ్నస్టిక్ సెంటర్‌కి చిన్న పని ఒప్పుకున్నా. పైఅంతస్తులో ల్యాబ్, కింద రిసెప్షన్. ల్యాబ్ పీసీలో సాఫ్ట్‌వేర్ రిపోర్టుని పీడీఎఫ్‌గా ఒక ఫోల్డర్‌లో పడేస్తుంది, అప్పటిదాకా ఒక కుర్రాడు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని మెట్లు దిగి కిందకి తెచ్చేవాడు. నేను చెయ్యాల్సింది ఏంటంటే పీడీఎఫ్ పడగానే దాన్ని రిసెప్షన్ పీసీలో షేర్ చేసిన ఫోల్డర్‌లోకి కాపీ చెయ్యడం, అంతే. సీ షార్ప్‌లో ఫైల్ డాట్ కాపీ, ఒక లైను. రెండు వేలు అడగాలా మూడు వేలు అడగాలా అని మొహమాటపడి రెండే అడిగా. ఆ ఒక్క లైను నన్ను ఎన్నిసార్లు ఆ మెట్లు ఎక్కించిందో తెలిస్తే పదివేలు అడిగేవాణ్ణి.

మొదటిరోజు అంతా సాఫీగానే ఉంది. రిసెప్షన్ పీసీకి పాస్‌వర్డే లేదు, స్విచ్ వేస్తే తిన్నగా డెస్క్‌టాప్ వచ్చేస్తుంది. విండోస్‌లో ఖాళీ పాస్‌వర్డ్ ఉన్న అకౌంట్‌తో ఆ కంప్యూటర్ ముందు కూర్చుని లాగిన్ అవ్వొచ్చు గానీ నెట్‌వర్క్ మీదనుంచి రానివ్వదు, డిఫాల్ట్‌గానే అంత. అందుకని దానికి పాస్‌వర్డ్ పెట్టా, రిసెప్షన్‌లో ఉండే మేడం "ఇప్పుడు రోజూ ఇది కొట్టాలా బాబూ" అని ఒక చూపు చూశారు. ల్యాబ్ పీసీలో ఎక్స్‌ప్లోరర్ తెరిచి ఆ షేర్‌కి వెళ్ళా, యూజర్ నేమ్ పాస్‌వర్డ్ అడిగింది, ఇచ్చా, రిమెంబర్ మై క్రెడెన్షియల్స్ అని టిక్ పెట్టా, దాన్నే జెడ్ డ్రైవ్‌గా మ్యాప్ చేశా. విజువల్ స్టూడియోలో రన్ కొడితే పీడీఎఫ్ కింద పీసీలో టక్కున పడింది. ఇక దీన్ని విండోస్ సర్వీసుగా, అంటే ఎవరూ లాగిన్ అవ్వకపోయినా వెనకాల నడిచే ప్రోగ్రాంగా, ఇన్‌స్టాల్ చేసేసి, టీ తాగి, ఇంటికి పోదామనుకున్నా.

సర్వీసు స్టార్ట్ అయ్యింది, ఫైళ్ళు మాత్రం కదల్లా. లాగ్ తీస్తే నేను రాసుకున్న మెసేజే: ఫోల్డర్ కనపడలేదు. జెడ్ డ్రైవ్ ఎదురుగా ఎక్స్‌ప్లోరర్‌లో తెరిచి ఉంది, లోపల ఇందాక నేను పంపిన పీడీఎఫ్ కూడా ఉంది, లాగ్ ఏమో ఫోల్డరే లేదంటుంది! డ్రైవ్ లెటర్ అనేది కంప్యూటర్ మొత్తానికి ఉండేది కాదు, ఒక్కో లాగాన్ సెషన్‌కి, అంటే ఒక్కో లాగిన్‌కి, విడిగా ఉంటుందని అప్పటికి నేను చదివే ఉన్నా గానీ ఆ క్షణంలో గుర్తు రాలా. అదే యూజర్, అదే కంప్యూటర్, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ కొట్టి తెరిచిన విండోకి కూడా మామూలుగా జెడ్ డ్రైవ్ కనపడదు, ఇక వేరే అకౌంట్ కింద నడిచే సర్వీసుకి ఎలా కనపడుద్ది. గుర్తొచ్చాక జెడ్ తీసేసి రెండు బ్యాక్‌స్లాష్‌లు, పీసీ పేరు, షేర్ పేరు అని పూర్తి అడ్రస్ రాశా. మళ్ళీ అదే లాగ్: ఫోల్డర్ కనపడలేదు. అడ్రస్‌లో ఏదో అక్షరం తప్పు కొట్టానని ఒక గంట, పీసీ పేరు బదులు ఐపీ పెట్టి ఒక అరగంట.

ఈ గంటన్నర తప్పు పూర్తిగా నాదే, అదీ జాగ్రత్త కోసం రాసిన కోడ్ వల్ల. కాపీ చేసేముందు డైరెక్టరీ డాట్ ఎగ్జిస్ట్స్ అని చెక్ పెట్టా, ఫాల్స్ వస్తే ఫోల్డర్ లేదని లాగ్ రాసి వెనక్కి వచ్చేయ్ అని. ఆ ఎగ్జిస్ట్స్ ఫంక్షన్ చూడ్డానికి అమాయకంగా ఉంటుంది గానీ ఫోల్డర్ నిజంగా లేకపోయినా ఫాల్సే, ఉండి మనకి చూసే హక్కు లేకపోయినా ఫాల్సే, నెట్‌వర్క్ తెగిపోయినా ఫాల్సే, ఎక్సెప్షన్ మాత్రం, అంటే ఫలానా తప్పు జరిగిందనే కేక మాత్రం, వెయ్యదు. అంటే అసలు కారణాన్ని మింగేసి "లేదు" అని ఒక్క ముక్క చెప్తుంది. అప్పటినుంచి నెట్‌వర్క్ పాత్ మీద నేను ముందస్తు చెక్‌లు పెట్టడం మానేశా, తిన్నగా కాపీ కొట్టి, పడే ఎక్సెప్షన్‌ని మెసేజ్‌తో, ఎర్రర్ నంబర్‌తో సహా లాగ్‌లో పెడతా. ఎర్రర్ 5 అంటే యాక్సెస్ డినైడ్, 53 అంటే అసలు ఆ దారే దొరకలేదు, 1326 అంటే యూజర్ నేమో పాస్‌వర్డో తప్పు. ఈ మూడూ మూడు వేరు జబ్బులు, మన చేతిరాత మెసేజ్‌లో మూడూ ఒకేలా కనపడతాయి.

చెక్ తీసేసి నడిపితే అసలు మాట బయటికొచ్చింది, 1326: యూజర్ నేమ్ ఆర్ పాస్‌వర్డ్ ఈజ్ ఇన్‌కరెక్ట్. నేను కోడ్‌లో యూజర్ నేమే ఇవ్వలేదు కదా, ఏది తప్పు? అప్పుడే ఆ సెంటర్‌కి హార్డ్‌వేర్ చూసే తమ్ముడు వచ్చాడు, నా వెనకాల నుంచుని స్క్రీన్ చూసి "అన్నా, ఇదంతా దేనికన్నా, ఎవ్రీవన్ ఇచ్చేయ్, అయిపోద్ది" అన్నాడు. ఇచ్చా. అవ్వలా. షేరింగ్‌లో ఎవ్రీవన్, సెక్యూరిటీ ట్యాబ్‌లో ఎవ్రీవన్, రెండు చోట్లా ఫుల్ కంట్రోల్, అయినా అదే 1326. తమ్ముడు బుర్ర గోక్కున్నాడు.

ఇప్పుడైతే తెలుసు ఎందుకు అవ్వలేదో. పెళ్ళి భోజనాల దగ్గర ఎవరో ఒక పెద్దాయన "ఎవరి తాలూకు బాబూ, పెళ్ళికొడుకు తరఫా, పెళ్ళికూతురు తరఫా" అని అడుగుతాడు చూశారూ, విండోస్‌లో కూడా ముందు ఆ ప్రశ్న ఉంటుంది. దానికి జవాబు కుదిరాకే షేర్ పర్మిషన్ చూస్తుంది, అదీ దాటాక డిస్క్ మీదున్న ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ డిస్క్ మీద ఫైళ్ళు దాచే పద్ధతి) పర్మిషన్ చూస్తుంది, రెంటిలో ఏది బిగుతుగా ఉంటే అదే చెల్లుద్ది. మేము వడ్డించే చోట విస్తర్లు పెంచుకుంటూ పోయాం, మా వాణ్ణి గేటు దగ్గరే ఆపేశారు. ఇంతకీ మా వాడు ఎవడంటే లోకల్ సిస్టమ్. సర్వీసు ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నేను ఏ అకౌంటూ ఎంచుకోకపోతే అదే తగులుకుంది. లోకల్ సిస్టమ్ అంటే ఆ కంప్యూటర్ మీద అడ్మినిస్ట్రేటర్ కంటే కూడా పెద్ద చెయ్యి, కానీ కేబుల్ దాటి పక్క కంప్యూటర్‌కి వెళ్ళిందంటే దానికి సొంత పేరంటూ లేదు, తన కంప్యూటర్ పేరుతో వెళ్తుంది. డొమైన్ (అందరి అకౌంట్లూ ఒకేచోట చూసే ఏర్పాటు) లేని వర్క్‌గ్రూప్‌లో, అంటే ఎవరి అకౌంట్లు వాళ్ళే దాచుకునే గుంపులో, ఒక కంప్యూటర్ ఇంకో కంప్యూటర్‌ని ఎరగదు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారే, అచ్చం అదే. నేను ఎక్స్‌ప్లోరర్‌లో టిక్ పెట్టి దాచుకున్న పాస్‌వర్డ్ నా అకౌంట్ కింద ఉంది, లోకల్ సిస్టమ్‌కి దాంతో ఏం సంబంధం.

కానీ ఇదంతా ఆరోజు నాకు తెలీలా, రాత్రి తొమ్మిదయ్యింది, డాక్టర్ గారు రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళారు. తమ్ముడి దగ్గర రెండో మాత్ర కూడా ఉంది: నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్ ఆఫ్ చెయ్యడం. చేశాం. ఎవరో తెలియనివాడు వస్తే గెస్ట్ కింద లోపలికి రానివ్వమని దానర్థం, గెస్ట్ ఎవ్రీవన్‌లోకి వస్తాడు, ఎవ్రీవన్‌కి ఫుల్ కంట్రోల్ ఉంది, ఫైళ్ళు జలజలా పడ్డాయి. రెండు వేలు జేబులో పెట్టుకుని, తమ్ముడికి బిర్యానీ ఇప్పించి, హాయిగా ఇంటికి పోయా. మేడం కూడా సంతోషించారు.

ఈ పద్ధతిని సమర్థించే వాదన ఒకటి ఉంది, అది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. నలుగురు పనిచేసే చోట, బయట ఇంటర్నెట్‌కి తెరవని ఫోల్డర్‌కి ఇంత సెక్యూరిటీ దేనికి, ఎవడొచ్చి హ్యాక్ చేస్తాడు, క్లయింట్‌కి పని అవ్వడం ముఖ్యం అంటారు. నేనూ అదే అనుకున్నా. తరవాత ఎనిమిది నెలలకి ఒక పొద్దున ఫోన్, రిపోర్టులు ఒక్కటీ లేవని, పేషెంట్లు లైన్లో నుంచుని అరుస్తున్నారని. హ్యాకరూ లేడు, వైరసూ లేదు. అకౌంట్స్ చూసే అబ్బాయి తన పీసీలోనుంచి ఆ షేర్ తెరిచి ఏదో బిల్లు వెతుక్కుంటూ మౌస్ జారి ఒక ఫోల్డర్‌ని పక్క ఫోల్డర్‌లోకి లాగేశాడు, తనకి తెలియను కూడా తెలీదు. రిపోర్టులు ఎక్కడికీ పోలా, ఒక మెట్టు లోపలికి పోయాయి, వెతికి తియ్యడానికి అరపూట పట్టింది. పర్మిషన్ అంటే దొంగల కోసమే అనుకుంటాం గానీ రోజువారీగా అది కాపాడేది మన మంచివాళ్ళ చెయ్యి జారడం నుంచి. ఆ అబ్బాయికి ఆ ఫోల్డర్‌లో రాసే హక్కే లేకపోతే మౌస్ జారినా ఏమీ అయ్యేది కాదు. ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగే ర్యాన్‌సమ్‌వేర్ సంగతి వేరే చెప్పక్కర్లా, 2017 మేలో వచ్చిన వానాక్రై ఎస్‌ఎంబీలో (విండోస్ షేర్లు నడిచే పద్ధతి) ఉన్న లోపం పట్టుకుని పాకింది గనక అది పర్మిషన్ల తప్పు కాదు, కానీ ఆ తరవాత వచ్చినవి చాలా వరకు తెరిచి ఉన్న షేర్లలోకి పోయి రాయగలిగినవన్నీ ఎన్‌క్రిప్ట్ చేసేస్తాయి, రాసే హక్కు ఎంత ఇస్తే దెబ్బ అంత. ఇంకోటి, అవి మనుషుల బ్లడ్ రిపోర్టులు. ఎవరికి షుగర్ ఎంతుందో, ఎవరికి ఏ టెస్టు పాజిటివ్ వచ్చిందో సెంటర్ వైఫై తెలిసిన ప్రతివాడూ చూడగలిగేలా నేను తలుపు తీసి వచ్చా, బిర్యానీ తినిపించి మరీ.

అరపూట గొడవ సర్దేశా గానీ అప్పుడు కూడా తలుపు వెయ్యలా, సిగ్గులేకుండా చెప్తున్నా. ఈ తాత్కాలికం అనే మాట మన దగ్గర పెద్ద అబద్ధం. టెస్టింగ్ కోసమని ఎవ్రీవన్ ఇస్తాం, పని అవ్వకపోతే ఎందుకవ్వలేదో తెలీదు, పని అయితే ఇక దాని మొహం చూడం. రెండు విధాలా అది పరీక్ష కాదు.

చివరికి ఆ తలుపు మూయించింది మైక్రోసాఫ్ట్. 2025లో ల్యాబ్ పీసీ పాడైతే కొత్తది కొన్నారు, విండోస్ 11 ప్రో, 24హెచ్2 వెర్షన్. సర్వీసు వేశా, కాపీ అవ్వలా, ఈసారి ఎర్రర్ 1272: గెస్ట్ యాక్సెస్‌ని మీ ఆర్గనైజేషన్ సెక్యూరిటీ పాలసీలు అడ్డుకుంటున్నాయి అని. ఏ ఆర్గనైజేషనయ్యా, ఉన్నది నలుగురూ ఒక కాఫీ మెషీనూ. సంగతేంటంటే పాస్‌వర్డ్ లేని గెస్ట్‌గా పక్క కంప్యూటర్‌లోకి పోవడాన్ని విండోస్ 10 1709 వెర్షన్ నుంచే ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలో ఆపేశారు, 24హెచ్2కి వచ్చేసరికి ప్రోలో కూడా డిఫాల్ట్‌గా ఆపేశారు. ఇళ్ళల్లో పాత నాస్ బాక్సులు (నెట్‌వర్క్‌కి తగిలించే డిస్క్ పెట్టెలు) ఉన్నట్టుండి ఓపెన్ అవ్వట్లేదని జనం తిట్టుకున్నది కూడా ఇందుకే. దీన్ని మళ్ళీ తెరిచే సెట్టింగ్ ఉంది, తమ్ముడు అప్పటికే ఫోన్‌లో వీడియో చూస్తూ రిజిస్ట్రీ (విండోస్ సెట్టింగ్‌లు దాచుకునే చోటు) దాకా వెళ్ళాడు. "ఆగరా నాయనా" అన్నా. ఆ ఒక్కరోజు బుద్ధిగా కూర్చున్నా.

ముందు రిసెప్షన్ పీసీలో పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్ తిరిగి ఆన్ చేశా. లాగాన్ ఆడిట్, అంటే ఎవరొచ్చారో రాసిపెట్టే సెట్టింగ్, ఆన్ చేసి, పైన సర్వీసు నడిపి, కిందకొచ్చి ఈవెంట్ వ్యూయర్‌లో సెక్యూరిటీ లాగ్ తెరిచా. 4625, అంటే లాగిన్ ఫెయిల్. లోపల అకౌంట్ నేమ్ అన్నచోట ల్యాబ్ పీసీ పేరు, దాని చివర ఒక డాలర్ గుర్తు. రెండేళ్ళ క్రితం నేను చూడాల్సింది ఈ ఒక్క లైను. మనం ఎప్పుడూ ఫైలు పంపే కంప్యూటర్ ముందు కూర్చుని కొట్టుకుంటాం, ఎవరొచ్చారు ఎందుకు పొమ్మన్నాను అనేది రాసిపెట్టుకునేది మాత్రం ఫైలు అందుకునే కంప్యూటర్. పంపేవైపు ఎర్రర్ అంత పిసినారిగా ఉండటం కూడా కావాలని చేసిందే, యూజర్ తప్పా పాస్‌వర్డ్ తప్పా అని విడమరిచి చెప్తే దొంగకి సగం పని తగ్గుద్ది.

మిగతాది అరగంట పని. రెండు పీసీల్లోనూ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్‌తో ఒక లోకల్ అకౌంట్ పెట్టా. డొమైన్ లేనప్పుడు రెండు చోట్లా పేరూ పాస్‌వర్డూ కుదిరితే విండోస్ దాన్ని ఒప్పుకుంటుంది. సర్వీసు ప్రాపర్టీస్‌లో లాగాన్ ట్యాబ్‌కి వెళ్ళి లోకల్ సిస్టమ్ తీసేసి ఆ అకౌంట్ ఇచ్చా. షేర్‌లో ఎవ్రీవన్ పీకేసి ఆ అకౌంట్‌కి ఛేంజ్, డిస్క్ మీద మాడిఫై (రెండూ చదివి, రాసి, తీసేసే హక్కులే), మేడం అకౌంట్‌ని అడ్మిన్ నుంచి మామూలు యూజర్‌గా మార్చి చదవడం వరకే. కోడ్‌లో ఒక్క అక్షరం మార్చలా. ఫైళ్ళు పడ్డాయి.

నలభై రెండు రోజులు పడ్డాయి. ఆ తరవాత పొద్దున సర్వీసు స్టార్టే అవ్వలా, 1069, లాగాన్ ఫెయిల్యూర్. నేను ఆ అకౌంట్‌ని నెట్ యూజర్ కమాండ్‌తో పెట్టా, అలా పెట్టిన లోకల్ అకౌంట్ పాస్‌వర్డ్‌కి డిఫాల్ట్ ఆయుష్షు 42 రోజులు. పాస్‌వర్డ్ నెవర్ ఎక్స్‌పైర్స్ టిక్ రెండు పీసీల్లోనూ పెట్టి వచ్చా. సరిగ్గా చేసిన పనికి కూడా ఒక మెలిక ఉంటుందని ఒప్పుకోవాలి, తప్పుడు దారిని సమర్థించేవాళ్ళు ఇలాంటివే ఎత్తి చూపిస్తారు, "చూశావా అన్నా, ఎవ్రీవన్‌కి ఎక్స్‌పైరీ లేదు" అని తమ్ముడు అననే అన్నాడు.

ఇంతకుముందు హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆఫీసులో చేసినప్పుడు ఇదే జబ్బు ఇంకో వేషంలో చూశా. అక్కడ డొమైన్ ఉంది, కాబట్టి సర్వర్ పేరు పక్కన డాలర్ ఉన్న అకౌంట్‌ని మిగతావాళ్ళు గుర్తుపడతారు, దానికే పర్మిషన్ ఇవ్వొచ్చు, పాస్‌వర్డ్ గొడవే లేదు. వెబ్‌సైట్ ఐఐఎస్‌లో (విండోస్ వెబ్ సర్వర్) మామూలు యాప్ పూల్ (సైట్‌ని నడిపే ప్రాసెస్) కింద నడిచినా బయటికి ఆ డాలర్ పేరుతోనే వెళ్తుంది. అది తెలిసినవాళ్ళు కూడా పర్మిషన్ ఇవ్వబోయి వెతికితే ఆ పేరు దొరకదు, ఎందుకంటే ఆ వెతికే డబ్బాలో ఆబ్జెక్ట్ టైప్స్ అని బటన్ ఉంటుంది, దాంట్లో కంప్యూటర్స్ మీద టిక్ ఉండదు. సరే దొరికించుకుని ఒక గ్రూపులో చేర్చారు అనుకోండి, అయినా పని అవ్వదు, ఎందుకంటే ఎవరు ఏ గ్రూపులో ఉన్నారనేది లాగిన్ అయినప్పుడు తీసుకున్న టికెట్‌లో రాసి ఉంటుంది, కెర్బరోస్ (డొమైన్‌లో లాగిన్ పద్ధతి) టికెట్‌కి మామూలుగా పది గంటల గడువు. సర్వర్ రీస్టార్ట్ చెయ్యాలి, లేదంటే కేలిస్ట్ కమాండ్‌తో 0x3e7 అనే సెషన్ టికెట్లు పారెయ్యాలి, ఆ నంబరే లోకల్ సిస్టమ్ సెషన్. మేము ఇది తెలీక ఒక మధ్యాహ్నమంతా సరైన పర్మిషన్‌ని తీసేసి పెట్టి తీసేసి పెట్టి కూర్చున్నాం, సాయంత్రం వేరే కారణానికి ఎవరో రీస్టార్ట్ చేస్తే దానంతటదే పనిచేసింది, ఆఖరున ఎవరు ఏం మార్చారో వాళ్ళకే ఆ క్రెడిట్ పోయింది.

ఇక్కడ నాకు ఇంకో పేచీ ఉంది, అది కోడ్‌లో పాస్‌వర్డ్ పెట్టేవాళ్ళతో. యాక్సెస్ డినైడ్ వచ్చింది కదా అని లాగాన్‌యూజర్ ఫంక్షన్ పిలిచి, యూజర్ నేమ్ పాస్‌వర్డ్ స్ట్రింగులో రాసేసి, కాసేపు ఇంకొకడి వేషం వేసి, ఫైలు కాపీ చేసి, మళ్ళీ మామూలైపోవడం. ఇది తలుపు కొట్టింది ఎవరు అన్న ప్రశ్నకి జవాబే, కాదనను, కానీ ఆ జవాబు ఉండాల్సిన చోట లేదు. ఆ స్ట్రింగ్ గిట్‌లోకి (కోడ్ పాత వెర్షన్లన్నీ దాచే చోటు) ఎక్కితే తీసేసినా పాత కమిట్లలో ఉండిపోద్ది, పాస్‌వర్డ్ మారినరోజు ప్రోగ్రాం మళ్ళీ బిల్డ్ చెయ్యాలి, అదే సర్వర్‌కి అప్పటికే వేరే పేరుతో కనెక్షన్ ఉండగా నెట్ యూజ్ లాంటిదాంతో కొత్త పేరు ఇవ్వబోతే 1219 అని ఇంకో ఎర్రర్, ఒకే సర్వర్‌కి రెండు పేర్లతో రావడం కుదరదు అని. సర్వీసు అకౌంట్ ఇవ్వడానికి విండోస్‌లోనే చోటు ఉంది, డొమైన్ ఉంటే 2012 సర్వర్ నుంచి పాస్‌వర్డ్ తనంతట తనే మార్చుకునే గ్రూప్ మేనేజ్డ్ అకౌంట్లు కూడా ఉన్నాయి. కోడ్‌కి పాస్‌వర్డ్ తెలియాల్సిన అవసరమే రాకూడదు.

ఒకడి పని ఇంకొకడి హక్కుతో చేసే ప్రోగ్రాంల మీద నార్మ్ హార్డీ అనే ఆయన 1988లో చిన్న పేపర్ రాశాడు. ఒక కంపైలర్‌కి తన లెక్కల ఫైలు రాసుకోవడానికి సిస్టమ్ డైరెక్టరీలో రాసే హక్కు ఇచ్చారు. అదే డైరెక్టరీలో అందరి బిల్లుల ఫైలు కూడా ఉంది. ఎవరో యూజర్ నా డీబగ్ అవుట్‌పుట్‌ని ఫలానా ఫైల్లో పెట్టు అని ఆ బిల్లుల ఫైలు పేరు ఇచ్చాడు, కంపైలర్ బుద్ధిగా దాని మీద రాసేసింది, బిల్లింగ్ లెక్కలు పోయాయి. ఆ యూజర్‌కి ఆ ఫైలు ముట్టుకునే హక్కు లేదు, కంపైలర్‌కి ఉంది, అది ఎవరి తరఫున ఏ హక్కు వాడుతుందో దానికే తెలీదు. మన అప్‌లోడ్ డౌన్‌లోడ్ పేజీల్లో ఫైలు పాత్ యూజర్ దగ్గరనుంచి తీసుకుని అడ్మిన్ అకౌంట్ కింద నడిచే సర్వీసుకి అందించే కోడ్ చూసినప్పుడల్లా నాకు ఆ కంపైలరే గుర్తొస్తుంది.

కోడ్ రాసేవాళ్ళకి పనికొచ్చే ఇంకో ముక్క చెప్పి లైనక్స్‌కి పోతా. ఫైలు సగంలో ఉండగా అవతలివాడు తెరవకూడదని ముందు టెంప్ ఫోల్డర్‌లో రాసి, పూర్తయ్యాక అసలు ఫోల్డర్‌లోకి మూవ్ చేస్తాం, మంచి అలవాటే. కానీ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో కోడ్ నుంచి ఒకే డ్రైవ్‌లో మూవ్ చేస్తే ఫైలు పాత చోటి పర్మిషన్లనే వెంట తెచ్చుకుంటుంది, కాపీ చేస్తేనే కొత్త చోటి పర్మిషన్లు తీసుకుంటుంది. అందుకే ఫోల్డర్‌కి అంతా సరిగ్గా ఉండి ఆ ఒక్క ఫైలు మాత్రం మేడంకి తెరుచుకోదు. నాకు మూడు ఫైళ్ళు తెరుచుకుని నాలుగోది తెరుచుకోకపోతే దయ్యం పట్టిందనుకున్నా. టెంప్ ఫోల్డర్‌ని అదే షేర్ ఫోల్డర్ లోపలే, అవే పర్మిషన్లు వచ్చేలా పెట్టుకుంటే పీడా పోయింది.

లైనక్స్ వాళ్ళు ఇదంతా విండోస్ గోల అని నవ్వుకుంటుంటారు గానీ వాళ్ళ ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్ళు పంచుకునే పద్ధతి) ఇంకా తమాషా. 1984లో సన్ కంపెనీ తెచ్చిన ఆ పద్ధతిలో, మామూలు సెట్టింగ్‌లో, అవతలికి పోయేది యూజర్ పేరు కాదు, యూజర్ నంబరు. ఈ మెషీన్‌లో 1001 అంటే నేను, ఆ మెషీన్‌లో 1001 అంటే ఇంకెవరో, అక్కడ నా ఫైళ్ళకి వాళ్ళు ఓనర్, వాళ్ళ ఫైళ్ళకి నేను ఓనర్. రెండు వైపులా ఐడీ కమాండ్ కొట్టి నంబర్లు పోల్చుకోకుండా 777 కొట్టేవాళ్ళని ఎంతమందిని చూశానో. రూట్‌గా, అంటే లైనక్స్ అడ్మిన్‌గా, పోతే అడ్డేముందిలే అనుకుంటారు, అక్కడ రూట్ స్క్వాష్ అని ఉంటుంది, రూట్‌గా వచ్చినవాణ్ణి నోబడీ చేసి కూర్చోబెడుతుంది, ఆ నంబరు 65534. మళ్ళీ అదే పులి, అదే పిల్లి. ఇక ఫైలుకి చదివే హక్కు ఉండి పైనున్న డైరెక్టరీకి ఎక్స్ (లోపలికి వెళ్ళే హక్కు) లేకపోతే దాని దాకా పోలేం, దీనికోసం తన కొలీగ్‌తో మాట్లాడటం మానేసిన మనిషి ఒకడు నాకు తెలుసు, పేరు చెప్పను. 777 మీద నమ్మకం ఉన్నవాళ్ళు ఒకసారి ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే ప్రోగ్రాం) ప్రైవేట్ కీకి 777 ఇచ్చి చూడండి, ఇంత తెరిచిపెట్టిన కీ నేను ముట్టుకోను అని మొహం మీదే చెప్తుంది.

ఇప్పుడు నేను రాసే ఏ సర్వీసైనా స్టార్ట్ అవ్వగానే లాగ్‌లో మొదటి లైను ఒకటే: నేను ఫలానా అకౌంట్‌ని, ఫలానా మెషీన్ మీద నడుస్తున్నా. రెండో లైను అవతలి ఫోల్డర్‌లో ఒక చిన్న ఫైలు రాసి తీసేసి, అయ్యిందో లేదో ఎర్రర్ నంబర్‌తో. డయాగ్నస్టిక్ సెంటర్‌లో సర్వీసుకి కూడా పెట్టా, తమ్ముడికి ఆ లాగ్ ఎక్కడుంటుందో చూపించా, అప్పుడు "ఊఁ" అన్నాడు గానీ వింటున్నాడో లేదో తెలీలా.

మొన్న పొద్దున ఎనిమిదిన్నరకి ఫోన్ చేశాడు. "అన్నా కాపీ ఆగిపోయింది. నేనేం కెలకలా, ఒట్టు. లాగ్‌లో మొదటి లైను చదువుతా, రాసుకో." చదివాడు: ఎన్‌టీ అథారిటీ, సిస్టమ్. అంటే మళ్ళీ ఆ లోకల్ సిస్టమే. ల్యాబ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చెయ్యడానికి ఎవరో వచ్చి మన సర్వీసు కూడా తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేశారంట, అకౌంట్ ఇవ్వలా. "లాగాన్ ట్యాబ్ తెరువు" అన్నా. "తెరిచే ఉందన్నా, పాస్‌వర్డ్ చెప్పు" అన్నాడు.